కరజాలె నాటకంలో మంచివాడు ఒక్కడైనా ఉన్నాడా?

పుస్తకాలపురుగు_తెనాలి

రొమేనియా రచయిత కారగియాలే రాసిన 'పోయిన ఉత్తరం' నాటకం నిన్న రాత్రి పూర్తి చేశాను, ఇంగ్లిష్ అనువాదంలో. వాళ్ల భాషలో ఇంతకు మించిన హాస్య నాటకం లేదని ఎక్కడో చదివి మొదలుపెట్టాను. మొదటి రెండు అంకాలకు పడీ పడీ నవ్వాను. నాలుగో అంకం అయ్యేసరికి ఒళ్లు మండింది.

ఊళ్లో ఉన్నవాళ్లంతా ఒకే తాను ముక్కలు. జిల్లాను ఏలే అధికారి స్నేహితుడి భార్యతో సంబంధం పెట్టుకున్నాడు. ఆ స్నేహితుడేమో నీతి గురించి ఉపన్యాసాలిస్తాడు. ప్రతిపక్షం లాయరు దేశభక్తి మాట్లాడుతూనే బ్లాక్‌మెయిల్ చేస్తాడు. పోలీసు జెండాల డబ్బు తింటాడు. చివర్లో ఒక్కడికీ శిక్ష పడదు. అందరూ కలిసి బ్యాండు మేళం పెట్టుకుని పండగ చేసుకుంటారు.

సమాజంలో కపటాన్ని చూపించేటప్పుడు 'ఇది తప్పు' అనే మనిషి ఒక్కడైనా ఉండాలి కదా? ఆ ఒక్కడూ లేకపోతే చదివేవాడు ఎవరి పక్కన నిలబడాలి? నాకే అర్థం కాలేదా, నాటకంలోనే లోపం ఉందా? చదివినవాళ్లు చెప్పండి.

బుఖారెస్ట్_తెలుగోడు

ముందు పేరు సరిచేసుకుందాం. ఇక్కడ ఎవరూ కారగియాలే అనరు. యోన్ లుకా కరజాలె. 'జా' దగ్గర ఒత్తుతారు. నేను కొత్తలో మీలాగే పలికితే మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు.

ఇక్కడి 100 లేయ్ నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. నేషనల్ థియేటర్‌కి ఆయన పేరే. థియేటర్ ముందు ఆయనా ఆయన పాత్రలూ కలిసి ఉన్న కంచు బొమ్మల బండి ఒకటుంది. సాయంత్రం పూట పిల్లలు ఆ బొమ్మల చేతులు పట్టుకుని ఫొటోలు దిగుతుంటారు.

మీ ప్రశ్న మాత్రం పాతదే. ఆయన బతికుండగానే ఇదే మాట అన్నారు.

నాటకాలరాయుడు

నేను చదవలేదు. కథ నాలుగు ముక్కల్లో చెప్పండి, అప్పుడు దెబ్బలాడతాను.

పుస్తకాలపురుగు_తెనాలి

1883 ప్రాంతం, ఎన్నికల రోజులు. పేరు చెప్పని ఒక కొండ జిల్లా ముఖ్యపట్టణం. ప్రీఫెక్ట్ తిపతెస్కు (ప్రభుత్వం జిల్లాకు వేసే పెద్ద, మన కలెక్టరు లాంటి పదవి, కాకపోతే పార్టీ మనిషి) జోయె అనే ఆవిడకి ప్రేమలేఖ రాశాడు. ఆవిడ దాన్ని పారేసుకుంది. తాగి తూలుతున్న ఒకాయనకు దొరికింది. ఆయన్ని ఇంకాస్త తాగించి కత్సవెన్కు అనే లాయరు కొట్టేశాడు. 'సీటు నాకివ్వండి, లేదంటే నా పత్రికలో వేస్తాను' అంటాడు.

జోయె భర్త త్రహనాకె అది దొంగ ఉత్తరమని గట్టిగా నమ్ముతాడు. పైగా కత్సవెన్కు దొంగ సంతకాలతో 5000 లేయ్ లాగిన హుండీ కాగితం తనే సంపాదిస్తాడు. ఇంతలో రాజధాని నుంచి దందనాకె అనే కొత్త అభ్యర్థి దిగుతాడు. ఆయనకు సీటెలా వచ్చిందంటే, ఆయన దగ్గర కూడా ఇంకెవరిదో ప్రేమలేఖ ఉందట.

చివరికి సభలో కొట్లాట జరిగి కత్సవెన్కు టోపీ ఎగిరిపోతుంది. ఉత్తరం ఆ టోపీ లోపలి గుడ్డలో దాచి ఉంది. మళ్లీ ఆ తాగినాయనకే దొరుకుతుంది. ఆయన తెచ్చి జోయెకి ఇచ్చేస్తాడు. దందనాకె గెలుస్తాడు. కత్సవెన్కు విజయోత్సవం నడిపిస్తాడు.

రిటైర్డ్_మాస్టారు

మరి మంచివాడు లేడంటారేమిటి బాబూ? ఆ తాగిన మనిషి ఉన్నాడుగా.

ఆయన పూర్వం ఉత్తరాలు పంచే ఉద్యోగం చేశాడు. అందుకే ఉత్తరం దొరగ్గానే చిరునామాలో ఉన్న మనిషికి చేర్చాలన్న ఆలోచన తప్ప ఇంకోటి రాలేదు. ఆ కాగితంతో ఒకడు సీటు సంపాదించాలనుకున్నాడు, ఇంకోడు పరువు కాపాడుకోవాలనుకున్నాడు. ఈయన ఒక్కడే డబ్బు అడగలేదు, పదవి అడగలేదు. నాటకమంతా ఒకే ఒక్క ప్రశ్న అడుగుతూ తిరుగుతాడు, 'నేనెవరికి ఓటెయ్యాలి?' అని. ఒక్కరూ సరిగ్గా జవాబు చెప్పరు. పెద్దమనుషులందరి మధ్య తాగినవాడు ఒక్కడే నిజాయితీగా ఉన్నాడు. అంతకంటే ఏం చెప్పాలి?

ఓరుగల్లు_పిల్ల

మాస్టారూ, ఆయన కూడా వీధి దీపం కింద నిలబడి ఆ ఉత్తరం చదివాడు కదా. ఇంకొకరి ఉత్తరం విప్పి చదివే పోస్ట్‌మన్‌ని మనం మంచివాడు అంటామా? 😊

రిటైర్డ్_మాస్టారు

చదివాడు, ఒప్పుకుంటాను తల్లీ. చదివి కూడా ఇచ్చేశాడు. నా ఓటు ఆయనకే.

అనువాద_పిచ్చి

మంచివాడి సంగతి పక్కన పెట్టండి. ఈ నాటకం ప్రాణం మాటల్లో ఉంది. ఇంగ్లిష్‌లో చదివితే సగం పోతుంది, తెలుగులో అయితే ఒక చోట మాత్రం అచ్చంగా నిలబడుతుంది.

పోలీసు ప్రిస్తాంద ఉన్నాడు కదా, ప్రీఫెక్ట్ ఏమంటే దానికి 'కురాత్' అని తగిలించి తిరిగి చెబుతాడు. రొమేనియన్‌లో 'కురాత్' అంటే శుభ్రమైన అని అర్థం, 'అచ్చంగా' అని కూడా అర్థం. ప్రీఫెక్ట్ 'వాడు మురికి మనిషి' అంటే ఇతను 'కురాత్ ముర్దార్' అంటాడు. ఇంగ్లిష్ అనువాదకులకు అక్కడ చుక్కలు కనిపిస్తాయి. మనకు కష్టమే లేదు. మనకు 'శుద్ధ' ఉంది. శుద్ధ అబద్ధం, శుద్ధ దండగ అంటాం కదా. 'శుద్ధ మురికి, దొరా!' అంతే. శుభ్రమూ మురికీ ఒకే ఊపిరిలో.

నాటకం ముగింపు కూడా ఆ మాటతోనే. కత్సవెన్కు గ్లాసెత్తి 'రాజ్యాంగబద్ధమైన పాలన వల్ల కలిగే మేలు ఇదీ' అంటాడు. ప్రిస్తాంద 'శుద్ధ రాజ్యాంగబద్ధం!' అని బ్యాండు వాయించమంటాడు. మురికికి వాడిన మాటే రాజ్యాంగానికీ వాడాడు. మీరు వెతుకుతున్న 'ఇది తప్పు' అనే వాక్యం అక్కడుంది, పుస్తకాలపురుగు గారూ. అది చెబుతున్న మనిషికే తను ఏం చెబుతున్నాడో తెలియదు.

నాటకాలరాయుడు

శుద్ధ మురికి!! ఇది స్టేజీ మీద పేలుతుంది. నేను ఇప్పుడే చదవడం మొదలుపెడుతున్నాను.

పుస్తకాలపురుగు_తెనాలి

నేను చదివిన అనువాదంలో ఇదేదీ తెలియనేలేదు. అక్కడ 'అవును సార్, పూర్తిగా' అన్నట్టు ఉంది, అంతే. సరే, మాటలు గొప్పవే. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. శిక్ష ఎందుకు లేదు?

కోర్టుమెట్లు

శిక్ష వేయాలంటే కోర్టు ఉండాలి, పోలీసు ఉండాలి, చట్టం ఉండాలి. అవన్నీ ఆ ఊళ్లో ఉన్నాయి. కాగితం మీద.

కాస్త చరిత్ర చెప్పనివ్వండి. రొమేనియా 1866లో బెల్జియం రాజ్యాంగాన్ని నమూనాగా పెట్టుకుని తన రాజ్యాంగం రాసుకుంది. 1877-78 యుద్ధంతో ఒట్టోమాన్ల నుంచి స్వాతంత్ర్యం, 1881లో రాజ్యం అని ప్రకటన. పార్లమెంటు, పత్రికలు, సంఘాలు, బ్యాండు మేళాలు అన్నీ దిగిపోయాయి. ఓటు మాత్రం ఆస్తిని బట్టి. ఓటర్లను నాలుగు 'కాలేజీలు'గా, అంటే వర్గాలుగా విడగొట్టారు, 1884 సవరణలో వాటిని మూడు చేశారు. రైతుల చేతిలో ఉన్న అసలు బలం నామమాత్రం. ఎవరు గెలవాలో రాజధానిలో నిర్ణయిస్తే జిల్లాలో ప్రీఫెక్ట్ గెలిపిస్తాడు. నాటకం ఆడింది కూడా 1884లోనే, నవంబరులో. జనం పేపర్లో చదివినదాన్నే ఆ రాత్రి స్టేజీ మీద చూశారన్నమాట.

ఆ సవరణ గురించి నాటకంలో ఫర్ఫురిది అనే లాయరు ఇచ్చే ఉపన్యాసం నాకు కంఠస్థం. 'సవరించాలంటారా, సరే, ఒప్పుకుంటాను, కానీ ఏమీ మారకూడదు. సవరించొద్దంటారా, సరే, ఒప్పుకుంటాను, కానీ అక్కడక్కడ మారాలి, అదీ ముఖ్యమైన చోట్ల.' ఇరవై ఏళ్లుగా కోర్టులో వాదనలు వింటున్నాను. ఈ వాక్యాన్ని మించిన వాదన నా చెవిన పడలేదు.

ఓరుగల్లు_పిల్ల

కత్సవెన్కు మాట ఇంకా బాగుంటుంది. రొమేనియా పరిశ్రమ అద్భుతం, మహోన్నతం, కాకపోతే అసలు లేనే లేదు!

బుఖారెస్ట్_తెలుగోడు

పేర్లు గమనించారా? ఫర్ఫురిది అనే పేరు వింటే ఇక్కడివాళ్లకు 'ఫర్ఫురియె' గుర్తొస్తుంది, అంటే పళ్లెం. ఆయనతో ఎప్పుడూ అంటిపెట్టుకుని తిరిగే బ్రన్జొవెనెస్కు పేరులో 'బ్రన్జ' ఉంది, జున్ను. దందన అంటే రభస. ప్రిస్తాంద అనేది ఒక జానపద నృత్యం పేరు.

నాటకాలరాయుడు

పళ్లెం, జున్ను వచ్చేశాయి. రొట్టె ఒక్కటే తక్కువ.

వంటింటి_చదువరి

నాటకం నేను చదవలేదు. ఆయన చిన్న కథలు మాత్రం కొన్ని చదివాను. మా అమ్మాయి కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చింది. నన్నడిగితే ఆయన కపటాన్ని పట్టుకున్నది ఎన్నికల్లో కాదు, ఇళ్లలో.

గోయె అని ఒక పిల్లాడి కథ ఉంది. చదువులో తప్పుతుంటాడు. ఈ ఏడాదైనా తప్పకుండా ఉంటాడని నాయనమ్మ, అమ్మ, అత్త ముగ్గురూ వాణ్ణి మే 10 జాతీయ పండగకి బుఖారెస్ట్ తీసుకెళ్తుంటారు. నావికుడి డ్రెస్సు, గడ్డి టోపీ, టోపీ రిబ్బను మీద ఫ్రెంచిలో పెద్ద పేరు. టికెట్టు ఆ రిబ్బను కింద దోపుతారు, మగవాళ్లు టికెట్టు అలాగే పెట్టుకుంటారట. ఇంతకీ ఆ డ్రెస్సు పేరు ఎలా పలకాలో ఆ ఆడవాళ్లకు తెలియదు. ఒకావిడ ఒకలా అంటుంది, ఒకావిడ ఇంకోలా. పిల్లాడు 'మీరిద్దరూ తెలివితక్కువవాళ్లు' అని మూడో తప్పు చెబుతాడు. నాయనమ్మ మురిసిపోయి ముద్దు పెట్టుకుంటుంది, అందరూ నీలా చదువుకున్నవాళ్లా నాన్నా అని.

తల బయట పెట్టొద్దని ఒకతను చెబితే వాణ్ణి తిట్టి మరీ తల బయట పెడతాడు. టోపీ ఎగిరిపోతుంది, టికెట్టుతో సహా. చివరికి రైలు ఆపే గొలుసు లాంటి పిడి లాగేస్తాడు. రైలు ఆగిపోతుంది. ఎవరు లాగారు, ఎవరు లాగారు అని రైలు సిబ్బంది వెతుక్కుంటూ వస్తే, నాయనమ్మ పెట్టె మూల పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని నిద్రపోతూ ఉంటుంది. ఎవరు లాగారో తెలుసుకోవడం కుదరలేదు అని రాస్తాడు ఆయన. అంతే. ఇంకో మాట లేదు.

ఆ నిద్ర నటన దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా చిన్నప్పుడు రైల్లో అమ్మ మా తమ్ముడికి చెప్పేది, 'ఎవరైనా అడిగితే నాలుగేళ్లని చెప్పు' అని. వాడికి అప్పటికి ఏడు. టీసీ రాగానే 'నాకు ఏడేళ్లు, కానీ నాలుగని చెప్పమన్నారు' అన్నాడు గట్టిగా. పెట్టె అంతా నవ్వారు. ఇంటికి వెళ్లాక వాడికి దెబ్బలు పడ్డాయి. అబద్ధం చెప్పినందుకు కాదు, నిజం చెప్పినందుకు. మర్నాడు పొద్దున్నే అదే ఇంట్లో కూర్చోబెట్టి వాడి చేత సత్యహరిశ్చంద్రుడి పద్యం అప్పజెప్పించుకున్నారు.

కుర్రాడు_కాకినాడ

ఆంటీ, అది అల్లరి పిల్లాడి కథ అంతే కదా? దానిలో సమాజం, కపటం అని వెతకడం మరీ ఎక్కువ అనిపిస్తోంది.

వంటింటి_చదువరి

అల్లరి పిల్లాడిది అయితే కథ వాడి చుట్టూ తిరగాలి బాబూ. ఇది ఆ ముగ్గురు ఆడవాళ్ల కథ. ఇంకోటి చదువు, 'విజిట' అని. పోపెస్కు గారింటికి అబ్బాయి పేరుపండగ రోజున ఒకాయన బంతి బహుమతిగా పట్టుకుని వెళ్తాడు. ఆవిడ చెబుతుంది, ఇప్పుడు నేను ఎక్కడికీ వెళ్లడం లేదండీ, పిల్లాడి పెంపకానికే టైమంతా సరిపోతోంది అని. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆ పిల్లాడు మేజరు డ్రెస్సులో డ్రమ్ము కొడుతుంటాడు, పనిమనిషి మీదకు కత్తి దూస్తాడు, ఆ కత్తి తల్లికే కంటి కింద తగులుతుంది. ఆవిడ 'ముద్దు పెట్టు, తగ్గిపోతుంది' అంటుంది. వచ్చినాయన ఇంటికి పోయి చూసుకుంటే తొడుగు బూట్లలో జామ్ పోసి ఉంటుంది.

పెంపకం అనే మాట నోటితో చెప్పడానికీ, ఆ గదిలో జరుగుతున్నదానికీ మధ్య ఉన్న దూరమే కథ. పిల్లాడికి శిక్ష అక్కర్లేదు. వాడు తర్వాత ఏమవుతాడో మనకు తెలుసు. కత్సవెన్కు అవుతాడు.

కుర్రాడు_కాకినాడ

ఇది ఒప్పుకుంటాను. జామ్ దగ్గర నవ్వు ఆగలేదు.

రిటైర్డ్_మాస్టారు

అమ్మాయి ఇళ్లలో అన్నది నిజం. బళ్ల సంగతి నేను చెబుతాను. ఆయన స్వయంగా స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు, 1881లో న్యామ్‌ట్స్, సుచావ జిల్లాల్లో. అంచేత పరీక్షల సంగతి బాగా తెలుసు.

'బకలౌరెయాత్' కథలో ఒక తల్లికి ముగ్గురు కొడుకులు. పేర్లు వర్జిల్, హొరేస్, ఓవిడ్ అని లాటిన్ మహాకవులవి. ఓవిడ్ పరీక్ష తప్పాడు. ఏ సబ్జెక్టులో అనుకుంటున్నారు? నీతిశాస్త్రంలో. తల్లి బాధ ఏమిటంటే, మా కుటుంబం పిల్లాడికి, అందులోనూ నీతిలో తక్కువ మార్కులా అని. వెంటనే బండి కట్టించుకుని, తెలిసినవాళ్లను పట్టుకుని, నీతిశాస్త్రం మార్కులు సిఫారసుతో మార్పించుకుంటుంది.

నేను పేపర్లు దిద్దే రోజుల్లో ఒకాయన స్వీట్ల డబ్బాతో ఇంటికొచ్చారు. ఊళ్లో ధర్మకర్త, మంచి పేరున్న మనిషి. 'అన్యాయం చెయ్యమనడం లేదు మాస్టారూ, పిల్లాడి భవిష్యత్తు చూడమంటున్నాను' అన్నారు. నేను కుదరదన్నాను. కోప్పడలేదు. లేచి, మా గోడ మీదున్న గాంధీ పటానికి దణ్ణం పెట్టి, డబ్బా తీసుకుని వెళ్లిపోయారు. ఆయన దొంగ అని నేను ఇప్పటికీ అనలేను. తను తప్పు అడుగుతున్నానని ఆయనకు నిజంగా తోచలేదు. కరజాలె పట్టుకున్నది ఆ తోచకపోవడాన్నే. దొంగతనం చేసేవాడికి కనీసం భయం ఉంటుంది. వీళ్లకు అదీ లేదు.

కోర్టుమెట్లు

మాస్టారు చెప్పిన 'తోచకపోవడం' దగ్గరే నాకు పేచీ. త్రహనాకెకి నిజంగా ఏమీ తెలియదా? భార్య సంగతి తెలిసీ తెలియనట్టు ఉన్నాడా? నాకు రెండోదే అనిపిస్తుంది.

మొదటి అంకంలో ఆయన ప్రీఫెక్ట్ దగ్గరికే వచ్చి, ప్రీఫెక్ట్ రాసిన ఆ ప్రేమలేఖ నోటికి అప్పజెబుతాడు. మధ్యమధ్యలో వివరణ కూడా ఇస్తాడు. 'పెద్దాయన, అంటే నేను, ఈ రాత్రి సభకు వెళ్తున్నాడు. నేను, అంటే నువ్వు, ఇంట్లోనే ఉండాలి.' ఇలా సాగుతుంది. రాసినవాడు ఎదురుగా చెమటలు కక్కుతుంటే, మొగుడు 'అంటే నేను, అంటే నువ్వు' అని విడమరిచి చెబుతున్నాడు. చెప్పి, ఎంత బాగా నీ చేతిరాతను అనుకరించాడో చూడు అంటాడు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పకు, చాలా సున్నితమైన మనిషి అని కూడా అంటాడు. ఏ మొగుడైనా ఇంత అమాయకంగా ఉంటాడా?

వంటింటి_చదువరి

ఉంటాడు.

కోర్టుమెట్లు

ఉండొచ్చు. కానీ అమాయకుడైతే కత్సవెన్కు ఫోర్జరీ కాగితం అంత చల్లగా ఎలా సంపాదించాడు? ఊళ్లో అన్ని కమిటీలకూ ఆయనే అధ్యక్షుడు. 'కాస్త ఓపిక పట్టండి' అని ప్రతి మాటకూ అంటాడు. ఓపిక పట్టగలిగినవాడికి అన్నీ తెలుసు. ఒప్పుకుంటే ప్రీఫెక్ట్ పోతాడు, పార్టీ పోతుంది, ఇల్లు పోతుంది. అందుకని ఒప్పుకోడు.

అనువాద_పిచ్చి

త్రహనాకెకి నిజంగా తెలియదనే నాకు అనిపిస్తుంది. కరజాలెదే 1879 నాటి 'తుఫాను రాత్రి' నాటకంలో దుమిత్రాకె ఉన్నాడుగా. కలప వ్యాపారి, పౌర రక్షక దళంలో కెప్టెన్. 'గృహస్థుగా నా పరువు' అని రోజంతా అంటుంటాడు. ఆ పరువుకి కాపలా ఉండమని తన గుమాస్తా కిరియాక్‌కే చెబుతాడు. భార్య ప్రేమించేది ఆ కిరియాక్‌నే! చివర్లో పక్క మీద మగవాడి మెడ టై దొరికితే ఉలిక్కిపడతాడు. కిరియాక్ 'అది నాదే' అంటే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాడు. దుమిత్రాకె నటించడం లేదు. ఆయనకు కావలసింది పరువు అనే మాట. ఆ మాట దక్కింది. త్రహనాకె కూడా ఆ ఇంటివాడే.

ఓరుగల్లు_పిల్ల

మీరందరూ మొగుళ్ల గురించే మాట్లాడుతున్నారు. జోయె సంగతేంటి?

ఆ రోజుల్లో ఆడవాళ్లకు ఓటు లేదు. అయినా ఆ జిల్లాలో ఎవరు నిలబడాలో, ఎవరు బతకాలో తేల్చింది ఆవిడే. తిపతెస్కు కోపంతో ఊగిపోయి కత్సవెన్కుని అరెస్టు చేయిస్తాడు, ఆవిడ విడిపిస్తుంది. ఉత్తరం బయటపడితే ఆయన పోగొట్టుకునేది పదవి. ఆవిడ పోగొట్టుకునేది బతుకు. ఊళ్లో వేలు ఆవిడ వైపే చూపిస్తారు. అందుకే ఆవిడ ఏడ్చినప్పుడు నాకు నవ్వు రాలేదు.

చివరికి ఉత్తరం చేతికొచ్చాక కత్సవెన్కు కాళ్ల మీద పడతాడు. ఆవిడ పగ తీర్చుకోవచ్చు. 'నేను మంచిదాన్ని' అని క్షమించేస్తుంది. వెళ్లి ఊరేగింపు నడిపించు, శ్రద్ధగా పనిచెయ్యి, ఇదే ఆఖరి పార్లమెంటు కాదుగా అంటుంది. అంటే వచ్చే ఎన్నికల్లో చూద్దాం అని! నాకు ఇదే భయం వేసిన చోటు. క్షమించడం మంచి గుణం కదా. ఇక్కడ ఆ క్షమతోనే అన్నీ పూడ్చేశారు. తెనాలి అన్నా, నువ్వడిగిన శిక్ష లేకపోవడం మర్చిపోయి కాదు. ఆయన కావాలనే క్షమాపణ పెట్టాడు. శిక్ష పడి ఉంటే మనం హాయిగా నిద్రపోయేవాళ్లం.

పుస్తకాలపురుగు_తెనాలి

ఇది రెండుసార్లు చదివాను చెల్లీ. నిజమే, నాకు ఒళ్లు మండింది సరిగ్గా ఆ ఊరేగింపు దగ్గరే.

బుఖారెస్ట్_తెలుగోడు

'తెలెగ్రామె' కథ కూడా అంతే. ఒక ఊళ్లో చెంపదెబ్బలు, బూతులు, ప్రాణభయం అని రాజధానికి టెలిగ్రాం మీద టెలిగ్రాం. ప్రభుత్వం కదిలిపోతుంది. ఆఖరి టెలిగ్రాం సారాంశం, అందరూ స్వాతంత్ర్య కూడలిలో ముద్దులు పెట్టుకున్నారు అని. 'పుపాత్ తొత్స్' అని ఆ తప్పుల తడక మాట ఇప్పటికీ ఇక్కడ వాడతారు, కొట్టుకున్న నాయకులు రాత్రికి రాత్రి కలిసిపోతే.

నేను ఒకసారి 'పోయిన ఉత్తరం' థియేటర్లో చూశాను. భాష అప్పటికి సగమే వచ్చు. పక్క సీటు ముసలాయన నటుల కంటే ముందే పెదవులు కదుపుతున్నాడు. 'నేనెవరికి ఓటెయ్యాలి' దగ్గర హాలంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. చేతిరుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

కుర్రాడు_కాకినాడ

మరి ఆయన బతికుండగా అన్నారన్నారు కదా, ఎవరేమన్నారు?

బుఖారెస్ట్_తెలుగోడు

నీతి లేదన్నారు, దేశాన్ని అవమానించాడన్నారు. 1885లో ఆయన నాటకం 'కార్నివాల్ సంగతులు' మొదటి ప్రదర్శనలో ఈలలు వేసి గోల చేశారు. ఆ ఏడాదే విమర్శకుడు తితు మయొరెస్కు ఆయన తరఫున పెద్ద వ్యాసం రాశాడు. నాటకం నీతిపాఠం చెప్పనక్కర్లేదు, మనిషిని తన సొంత గొడవల నుంచి కాసేపు పైకి లేపితే చాలు, అదే దాని నీతి అన్నది వాదన. 1891లో రొమేనియన్ అకాడమీ ఆయనకు బహుమతి నిరాకరించింది. లిబరల్ నాయకుడు దిమిత్రియె స్తుర్జా గట్టిగా అడ్డుపడ్డాడు. పుస్తకాల మీద ఇల్లు గడవక బీరు దుకాణం కూడా నడిపాడు.

అన్నిటికంటే బాధ కలిగించేది 1901 నాటి సంగతి. కయోన్ అనే పేరుతో రాసే ఒక యువకుడు, కరజాలె నాటకం ఒక హంగేరియన్ రచయిత దగ్గర దొంగిలించిందని అచ్చేశాడు. చూస్తే అసలు ఆ హంగేరియన్ రచయితే లేడు. తనే కల్పించాడు! కేసు కోర్టుకెళ్లింది. రచయిత దెలవ్రాంచియా లాయరుగా వాదించాడు. తర్వాత కొన్నేళ్లకు కరజాలె కుటుంబంతో బెర్లిన్ వెళ్లిపోయాడు. 1912లో అక్కడే పోయాడు. అకాడమీ సభ్యత్వం ఇచ్చింది 1948లో, పోయిన 36 ఏళ్లకి. ఆ మనిషే నా పర్సులో నోటు మీద ఉన్నాడు.

కోర్టుమెట్లు

దొంగ సంతకాల కథ రాసినవాడి మీదే దొంగ సాక్ష్యం పుట్టించారన్నమాట.

రిటైర్డ్_మాస్టారు

తెనాలి బాబుకి ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు ఇప్పుడు తట్టింది. మనం 'కన్యాశుల్కం' మీద పెరిగినవాళ్లం. అక్కడ ఎంతమంది గిరీశాలున్నా చివర్లో సౌజన్యారావు పంతులు వస్తాడు. ఆయన ముందు గిరీశం నిలబడలేడు. మన కళ్లు ఆయన కోసం వెతుకుతాయి. కరజాలె ఊళ్లో ఆ ఇల్లు లేదు.

నాటకాలరాయుడు

మాస్టారూ, నిజం చెప్పాలంటే సౌజన్యారావు పాత్ర వెయ్యడానికి మా సమాజంలో ఎవరూ ముందుకు రారు. గిరీశానికి మాత్రం నలుగురు పోటీ.

రెండు అంకాలు చదివేశాను. జెండాల సీను అద్భుతం. 44 జెండాలు కట్టించానని ప్రిస్తాంద లెక్క చెబుతుంటే, ప్రీఫెక్ట్ లెక్కలో తేడా పట్టుకుని కోప్పడకుండా నవ్వుతాడు. కుటుంబం పెద్దది, జీతం చిన్నది, పోనీలే అని. పట్టుకున్నవాడు నవ్వడమే నాకు గుచ్చుకుంది. ప్రిస్తాందని నేను పూర్తిగా తిట్టలేకపోతున్నాను. పెద్దలు జిల్లా తింటుంటే వాడు గుడ్డ ముక్కలు తింటున్నాడు.

ఓరుగల్లు_పిల్ల

అదే ప్రిస్తాంద కత్సవెన్కుని అరెస్టు చేస్తూనే, మీ పత్రిక నేనూ చదువుతాను సార్ అన్నట్టు వంగి మాట్లాడతాడు. రేపు ఆయనే పైకొస్తే? గుడ్డ ముక్కల దగ్గర ఆగే మనిషి కాదు.

పుస్తకాలపురుగు_తెనాలి

నా మొదటి పోస్టులో లోపం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం తీసుకోను. దందనాకె తన దగ్గరున్న ప్రేమలేఖను తిరిగివ్వను, మళ్లీ పనికొస్తుంది అంటాడే, అది నిన్న రాత్రి మళ్లీ చదివాను. కత్సవెన్కు కనీసం ఉత్తరం తిరిగిచ్చే బేరం పెట్టాడు. రాజధాని పెద్దమనిషి దాచుకున్నాడు. గెలిచింది దాచుకున్నవాడు. ఊళ్లో దొంగని ఊరే అడ్డుకుంది, పైనుంచి వచ్చిన దొంగకి బ్యాండు వాయించింది.

ఒక మాట. ఆదివారం సాయంత్రం కాల్‌లో కలిసి పైకి చదువుదామా? అనువాద పిచ్చి గారు మొదటి అంకం తెలుగులో ఇస్తే.

అనువాద_పిచ్చి

'అంటే నేను, అంటే నువ్వు' సీను శనివారానికి ఇస్తాను. 'రెనుమెరాత్సియె' దగ్గర ఆగాను. జీతానికి పెద్ద మాట వాడబోయి ప్రిస్తాంద తప్పు పలుకుతాడు. 'వేతనం'ని 'వేదనం' చేస్తే ఎలా ఉంటుంది? వేదనం చిన్నది, కుటుంబం పెద్దది.

రిటైర్డ్_మాస్టారు

వేదనం! ఖాయం చెయ్యండి. నాకు తాగినాయన పాత్ర కావాలి.

ఓరుగల్లు_పిల్ల

జోయె నాది.

కోర్టుమెట్లు

లాయరునని కత్సవెన్కు నాకు అంటగట్టకండి. త్రహనాకె ఇవ్వండి, ఆయనకు అన్నీ తెలుసని చదివి చూపిస్తాను.

కుర్రాడు_కాకినాడ

కత్సవెన్కు నేను చదువుతా. బ్యాండు మేళం ఎవరు?

వంటింటి_చదువరి

మా మనవడి దగ్గర డ్రమ్ము ఉంది. వాడి చేతికిస్తే మాత్రం మీ నాటకం మొదటి సీను కూడా దాటదు.